పడవలో ముందు బల్ల

కుర్చీ వద్దులెండి, నిలబడే మాట్లాడతాను. కూర్చుంటే మీరు మంచినీళ్ళిస్తారు. మంచినీళ్ళు తాగితే నా కోపం కాస్తా చల్లారిపోతుంది. దారి పొడుగునా కూడగట్టుకుని వచ్చానండీ ఈ కోపాన్ని, గ్లాసుడు నీళ్ళకి వదులుకోలేను.

అబ్బే, మొక్కలు కొనడానికి కాదు. మా ఆయన పడవలో ముందు బల్ల మీద మీరు కూర్చుంటున్నారు చూడండీ, దాని సంగతి మాట్లాడదామని వచ్చాను.

ఆఁ, ఇప్పుడు తెలిసింది కదూ ఎవర్నో! పడవాయన పెళ్ళాన్ని. చెక్కపొట్టు ఫ్యాక్టరీలో సంచుల మూతులు కుడతాను. ఈ మూలే కదా మీరు ఆ సంచులు పేర్చి పెట్టేవారు? మొక్కల మొదట్లో పరిస్తే కలుపు రాదు, తడి ఆరదు, ఎర్రగా చూడముచ్చటగా ఉంటుందని అందరికీ చెప్పి మరీ అమ్మేవారట. మీరు అమ్మిన ప్రతి సంచి మూతి మీదా నా కుట్టు ఉంది. నేను కుట్టేదాన్ని, మీరు విప్పేవారు. కాబట్టి మనిద్దరికీ పరిచయం లేదనడానికి వీల్లేదు.

ఇప్పుడేంటి, ఇక్కడ ఎండుటాకుల బస్తాలు పెట్టారు? ఇవే పరుచుకోమంటున్నారా జనాన్ని? బాగుంది. మా వీధిలో మేం ఊడ్చి తగలబెడతాం, మీరు ఎత్తి అమ్ముతున్నారు. అందుకే మీరు కొట్టు పెట్టుకున్నారు, నేను కుట్టు పెట్టుకున్నాను.

సరే సరే, అసలు సంగతికే వస్తున్నా. తొందరపడకండి. మీకేం, గిరాకీ కూడా లేదు ఈ వేళప్పుడు.

ముందు గడ్డంతో మొదలైందండీ. ఎవరైనా పోతేనో, ఎవరిదైనా పెళ్ళయితేనో తప్ప గడ్డం గీసుకోని మనిషి మా ఆయన. అలాంటిది పొద్దున్నే అద్దం ముందు నిలబడి బుగ్గలు ఉబ్బించి మరీ గీసుకోవడం మొదలెట్టాడు. ఏంటయ్యా సంగతి అంటే, దురదగా ఉందన్నాడు. ఇన్నేళ్ళు లేని దురద! 

తర్వాత ఆ బల్ల. పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆ పడవలోనే కదా తిప్పి తెస్తాడు. వాళ్ళు బురదలోనే కూర్చుంటారు, బురదతోనే దిగుతారు, ఒక్కనాడు ఆ బల్లని నీళ్ళతో కడిగిన పాపాన పోలేదు. ఓ రోజు అన్నం క్యారేజీ ఇద్దామని రేవుకి వెళ్ళానా, ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు! అద్దంలా చేసి పెట్టాడు. దాని మీద మడతపెట్టిన సంచి. లోపల మెత్తగా ఏదో కుక్కి ఉంది. పట్టుకు చూద్దును కదా, మా ఇంట్లో పాత దుప్పటి! సంచి మా ఫ్యాక్టరీది. మూతి మీద నా కుట్టే.

అంటే నా దుప్పటి, నా కుట్టు, మీ... సరే, నోరు మంచిది కాదు నాది. కూర్చునేది మాత్రం మీరు.

దాని కింద దోమల మందు సీసా. మూత తీసి వాసన చూశాను. ఏవో పూల వాసన. దోమలంటే మా ఆయనకి లెక్కేలేదండీ, ఒంటి మీద వాలినా తోలుకోడు, అవే విసుగెత్తి పోతాయి. ఆ మందు ఎవరికోసమో తెలుసుకోడానికి నేను పెద్ద చదువులు చదవక్కర్లేదుగా?

నవ్వకండి. నాకు మండుతోంది.

ఎందుకు మండుతోందో చెప్పనా? పెళ్ళైన కొత్తలో నేనూ అడిగాను, నన్ను ఓసారి లోపలికి తీసుకెళ్ళవయ్యా అని. "దోమలు పీకి పెడతాయే, నువ్వు తట్టుకోలేవు" అన్నాడు. ఎవరితో? నాతో! మా నాన్న కూడా పడవ వేసినవాడేనండీ. నడక కంటే ముందు తెడ్డు పట్టుకున్నాను నేను. ఆ నీటి అడవిలో ఏ చెట్టు మొదట్లో లోతుందో, ఎక్కడ వేళ్ళు మోకాళ్ళలా పైకి లేచి పడవ అడుగు గీరుతాయో, అన్నీ నాకు తెలిసినవే. పెళ్ళయ్యాక సంసారం, ఫ్యాక్టరీ, మిషను. నీళ్ళ వైపు వెళ్ళడమే పోయింది. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగాను. మళ్ళీ దోమలే. మా సంసారంలో ఆ దోమలు చేసిన పని ఏ ఆడపడుచూ చెయ్యలేదనుకోండి.

అలాంటిది మీకు మందు సీసా కొని పెట్టాడు. నాకు దోమల్ని చూపించి ఇంట్లో కూర్చోబెట్టినవాడు, మీ కోసం దోమలకే మందు వెతికాడు.

ఫ్యాక్టరీలో నా పక్క మిషను మీద ఒకావిడ ఉంది, అక్కా అంటాను. దారం తెగి మిషను ఆగినప్పుడల్లా నోరు మొదలవుతుంది ఆవిడకి. "ఏమే, మీ ఆయన పడవలో ఎవరో మొక్కలావిడ ఎక్కుతోందటగా? పిట్టల్ని చూసే గొట్టం కూడా లేదట మెళ్ళో. మరి దేన్ని చూడ్డానికి వెళ్తోందే?" అంది. ఆ రోజు నేను కుట్టిన సంచులు ఒక్కటీ తిన్నగా లేవు. అన్నీ పాములే. గళ్ళ చొక్కా వచ్చి తిట్టాడు. గళ్ళ చొక్కా అంటే మా సూపర్‌వైజరు, వాడికి వేరే చొక్కా లేదు.

ఇక లాభం లేదని, సెలవు రోజు పొద్దున్నే మా ఆయన బయల్దేరగానే నేనూ బయల్దేరాను. వలలు అల్లుకునే ముసలాయన ఉన్నాడు మా వీధి చివర, ఆయన దగ్గర చిన్న పడవ ఉంది. ఓ పూట ఇవ్వు తాతా అన్నాను. ఎందుకన్నాడు. మొగుణ్ణి పట్టుకోడానికి అన్నాను. "అయితే పెద్ద తెడ్డు తీసుకెళ్ళు" అన్నాడు.

తీసుకెళ్ళాను కూడా.

మీరు వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే కనపడేదాన్నే. రబ్బరు బూట్లు వేసుకుని, జుట్టు ముడేసుకుని, ముందు బల్ల మీద మహారాణిలా కూర్చున్నారు. కాదు, అబద్ధమెందుకు, మహారాణిలా ఏం లేరు. రెండు చేతులతో పడవ అంచు గట్టిగా పట్టుకుని, భయపడుతూ కూర్చున్నారు. అది చూసి ఇంకా కుళ్ళుకున్నాను. భయపడేదాన్ని తీసుకెళ్ళాడు, భయం లేనిదాన్ని వదిలేశాడు.

కాలవకి రెండు పక్కలా చెట్లు చిక్కగా ఉన్నాయి, నేను చిన్నప్పుడు చూసినట్టే. అవే ఎర్ర మొదళ్ళు, నీళ్ళలోంచి లేచిన అవే వేళ్ళు. ఎన్నాళ్ళకి వచ్చానో కదా అని తెడ్డు ఆపేశాను ఒక్క క్షణం. ఇంతలో మీ పడవ చెట్ల మధ్య ఓ సందులోకి తిరిగింది. అనుకున్నాను కదండీ, ఇంకేముంది, చాటుకి తీసుకెళ్తున్నాడు!  తెడ్డు గట్టిగా పట్టుకుని నేనూ ఆ సందులోకి దూరాను.

దూరేసరికి ఆకాశం కనపడింది.

మీరు అడివి మనిషి కాదు, మీకెలా చెప్పాలో తెలీదు. ఆ లోపల ఆకాశం అంత కనపడకూడదు. తల పైకెత్తితే ఆకుల్లోంచి బొట్లు బొట్లుగా వెలుతురు రాలాలి. అలాంటిది నెత్తిన బోర్లించినట్టు మొత్తం ఆకాశమే. కింద చూస్తే మొద్దులు. నీళ్ళలోంచి నడుమెత్తు లేచిన మొద్దులు, ఎంతదూరం చూస్తే అంతదూరం. అందరికీ పీటలు వేసి ఒక్కళ్ళూ కూర్చోకుండా వెళ్ళిపోయినట్టుంది. కోసిన చోట ఎర్రగా ఉంది చెక్క. ఆ ఎరుపు నాకు తెలుసు. నా చీర కుచ్చిళ్ళలో, గోళ్ళ సందుల్లో, తినే అన్నంలో కూడా ఉంటుందండీ ఆ ఎరుపు.

కాలవ వెంబడి ఒక్క వరస చెట్లు వదిలేశారు, తెర కట్టినట్టు. పడవలో పోయేవాడికి అడవి అడవిలాగే కనిపించాలని. వెనకాలంతా ఊడ్చేశారు.

ఫ్యాక్టరీలో మాకు ఏం చెప్పారో తెలుసా? గాలివానకి పడిపోయిన చెట్లు మాత్రమే ఏరుకొస్తున్నాం అన్నారు. పడిపోయినవి తెచ్చుకోవచ్చట, నిలబడ్డవి కొయ్యకూడదట, అది చట్టం. సంచి మీదేమో "చెక్కమిల్లుల తుక్కుతో తయారు" అని రాస్తారు. మాకో మాట, సంచికో మాట. గాలివాన పడగొడితే చెట్టు వేళ్ళతో సహా లేస్తుంది కదా? రంపం పెట్టినట్టు నున్నగా కోస్తుందా గాలివాన? ఒక్కళ్ళం కూడా అడగలేదు. అడిగితే గళ్ళ చొక్కా చెప్పేవాడు కూడా కాదనుకోండి.

ఇంతకీ మిమ్మల్ని మర్చిపోయాననుకోకండి. మీరిద్దరూ ఓ మొద్దు దగ్గరున్నారు. కొలిచే టేపు ఓ కొస ఆయన పట్టుకున్నాడు, ఓ కొస మీరు పట్టుకున్నారు. దాని చుట్టూ తిప్పి కొలుస్తున్నారు. నేను తెర చెట్ల వెనకాల పడవ ఆపి చూస్తున్నాను. ఇంకా అనుమానమే నాకు! టేపు పట్టుకునేటప్పుడు వేళ్ళు తగుల్తాయేమో అని చూస్తున్నాను. తగల్లేదు.

అప్పుడు ఆయన ఏడ్చాడు.

మొద్దు మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని, భుజాలు కదుల్తుంటే ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా నా ముందు కన్నీటి చుక్క రాల్చలేదు ఆ మనిషి. బయటికెళ్ళి పడవకి తారు పూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఓదారుద్దామని వెళ్తే తారు అంటుకుంటుంది, పక్కకి జరగమన్నాడు. అలాంటివాడు నీ ముందు ఏడ్చాడు. నువ్వెవరివని? నీ కొట్టేంటి, నీ బూట్లేంటి, నిన్నగాక మొన్న ఆ నీళ్ళు చూసినదానివి...

మీ ముందు. మీరు. నోరు జారింది, ఏమనుకోకండి. కాదు, అనుకోండి. అనుకోవాలనే అన్నాను.

మీరు ఆయన భుజం మీద చెయ్యి వేసుంటే బాగుండేది. నిజం చెప్తున్నా. వేసుంటే పెద్ద తెడ్డుతో వచ్చి ఇద్దర్నీ నీళ్ళలో ముంచి, ఇంటికెళ్ళి హాయిగా ఏడ్చుకునేదాన్ని. రంకైతే ఏం చెయ్యాలో ప్రతి ఆడదానికీ తెలుసు. మీరేం చేశారు? అటు తిరిగి నిలబడ్డారు. ఆయన మొహం తుడుచుకునేదాకా పిట్టలు చూస్తున్నట్టు నటించారు. అక్కడ పిట్టలే లేవు.

అంత మర్యాద చూశాక మిమ్మల్ని తిట్టడానికి నా దగ్గర ఏం మిగిలింది చెప్పండి? అదే నన్ను కాల్చేసింది.

ఏంటీ? ముందు అడిగింది మీరేనా? ఏమని అడిగారు?

నత్తగుల్లా?

సంచిలో నీటి నత్తగుల్ల దొరికిందా... చెక్కమిల్లు తుక్కులోకి నీటి నత్త ఎక్కణ్ణుంచి వచ్చిందని మీకు అనుమానం వచ్చి, రేవుకి పోయి ఆయన్ని అడిగారా. అయ్యో రాత! అంతేనా?

నవ్వొస్తోందండీ నాకు. ఆ నత్తగుల్లలు నా మిషను కింద రోజూ పడుంటాయి. పొద్దు గుంకేసరికి చీపురు పెట్టి ఊడ్చి డబ్బాలో పోస్తాను. కాళ్ళకి గుచ్చుకుంటే తిట్టుకుంటాను. మీకు ఒక్కటి దొరికింది, మీరు అడిగారు. నాకు డబ్బాలకి డబ్బాలు దొరికాయి, నేను ఊడ్చాను. ఆ నీళ్ళలో పెరిగినదాన్ని నేను. ఆ ప్రశ్న నాది కావాల్సింది. ఆయన దగ్గరికి పోయి, "ఏమయ్యా, ఈ గుల్ల ఎక్కడిది?" అని నేను అడిగుంటే, ఆ బల్ల మీద ఎవరు కూర్చునేవారు? చెప్పండి?

చూశారా, అదీ నా మంట. మీరు దొంగిలించి ఉంటే దొంగా అనేదాన్ని. నేను పారేసింది మీరు ఏరుకున్నారు.

ఇంకోటి కూడా విన్నానండీ ఆ రోజు. నీళ్ళ మీద మాట బాగా పాకుతుంది, మీకు తెలీదేమో. టేపు చుడుతూ మీరు అన్నారు: "మీ ఆవిడ అక్కడే పని చేస్తోంది కదా. నిలువెత్తు దుంగలు వస్తున్నాయని లోపలివాళ్ళు ఒక్కళ్ళు చెప్తే చాలు, అడవుల ఆఫీసువాళ్ళు కదుల్తారు. ఆవిణ్ణి అడగకూడదా?" అని. చెవులు రిక్కించాను. ఆయన ఏమన్నాడు?

మీకు గుర్తుండదు లెండి. నాకు గుర్తుంది.

"దాన్ని లాగొద్దండి. దానికివన్నీ పట్టవు. సంచులు కుట్టుకుంటోంది, కుట్టుకోనీండి."

పట్టవట!

నా మీద ప్రేమతోనే అన్నాడంటారా? పని పోతుందని, గళ్ళ చొక్కా వేధిస్తాడని, నన్ను కాపాడదామని అన్నాడంటారా? అయ్యుండొచ్చు. మీరు చెప్తే నమ్ముతాను, ఆయన మనసు మీకే బాగా తెలుసు కదా ఈ మధ్య. కానీ కాపాడ్డానికి నేనేమైనా మొక్కనా? గాజు సామానా? ఇష్టమైనదాన్ని ఎండలోకీ వానలోకీ తీసుకెళ్ళి చూపిస్తారు. ఇంట్లో మూలన పెట్టి మూత వేస్తే దాన్ని ప్రేమ అంటారో, నిల్వ పచ్చడి అంటారో మీరే చెప్పండి.

మీరు వెళ్ళాక నేను వెళ్ళలేదు. ఆ మొద్దుల మధ్య పడవ వేసుకుని తిరిగాను. మా నాన్న పడవ కట్టే చెట్టు ఒకటుండేది, పెద్ద మలుపు దగ్గర. దాని మొదటికి ఇనుప కడియం కొట్టాడు, తాడు వేసుకోడానికి. ఉంటుందని ఆశ లేదు. అయినా పోయాను.

ఉంది. ఆ మలుపు దాకా ఇంకా రాలేదు వాళ్ళు. కడియాన్ని చెట్టు సగం మింగేసింది. చుట్టూ పెదవుల్లా బెరడు కమ్ముకుని, కొంచెమే బయటికి కనపడుతోంది ఇనుము. వేలు దూరింది నాకు. చిన్నప్పుడు చెయ్యంతా దూరేది.

దానికి పైన తెల్ల రంగు గీత. తలెత్తి చూశాను. పక్కదానికీ గీత. ఆ పక్కదానికీ. నీళ్ళు పెరగ్గానే దుంగలు తేల్చుకుపోవడం సులువు కదా, అందుకని వాన రాగానే వాటి పని పడతారు. ఇవాళో రేపో అన్నట్టుంది మబ్బు.

లేదండీ, ఏడవట్లేదు. కొట్లో మీ మొక్కల వాసన, నాకు పడదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో కళ్ళు తెరుచుకుని తిరిగాను. మా గేటు దగ్గర చెక్కమిల్లు తుక్కు కుప్ప ఒకటుంటుంది, మీరూ చూసుంటారు. తనిఖీకి ఎవరొచ్చినా గళ్ళ చొక్కా తిన్నగా దాని దగ్గరికే తీసుకెళ్తాడు. ఇదిగో సార్, దీంతోనే చేస్తాం సార్ అంటాడు. ఆ కుప్ప మీద గడ్డి మొలిచిందండీ! ఈ మధ్య పూలు కూడా పూసింది. రోజూ తవ్వి వాడే కుప్ప మీద గడ్డి పూస్తుందా ఎక్కడైనా? దుంగలేమో వెనకాల కాలవ వైపు దిగుతాయి, తెల్లారి మేం పనిలోకి రాకముందే. పొద్దెక్కేసరికి అన్నీ మరలోకి పోతాయి. అడవికి ముందు తెర, ఫ్యాక్టరీకి ముందు కుప్ప. ఒకే బుర్ర చేసిన పనిలా ఉంది.

మీరెందుకు అంత ముందుకి వంగుతున్నారు? ఆఫీసులో చెప్తానా లేదా అనా?

అడగండి మరి. నోరు తెరిచి అడగండి. ఆయన అడగొద్దన్నాడని ఊరుకున్నారు కదా ఇన్నాళ్ళూ. ఆయన మాట అంటే అంత గురా?

అడగక్కర్లేదు. చెప్పేశాను.

ఈ పొద్దున అడవుల ఆఫీసుకి వెళ్ళి, లోపలున్న పెద్దాయనతో అంతా చెప్పి, వేలిముద్ర కాదు, సంతకమే చేసి, అట్నుంచి అటే ఇక్కడికొస్తున్నా. ఆ పెద్దాయనకీ అనుమానం ఉంది ఎప్పట్నుంచో. కానీ వెళ్ళినప్పుడల్లా ఆ కుప్పే చూపిస్తున్నారట. లోపలి మనిషి ఒక్కళ్ళు నిలబడి చెప్తే చాలనుకుంటున్నాడు. ఎప్పుడు దిగుతాయి, ఎటు దిగుతాయి, తెర ఎక్కడ మొదలవుతుంది, సందు ఎక్కడుంది, అన్నీ చెప్పాను. రేపు తెల్లారేసరికి సగం మంది ఫ్యాక్టరీ వెనక్కి, సగం మంది అడవి లోపలికి. మలుపు దగ్గర చెట్లకి కాపలా కూడా పెడతారట.

అలా నా చేతులు పట్టుకోకండి. దండం పెట్టకండి. వదలండి చెప్తా.

పనా? పోతుంది. గళ్ళ చొక్కా రేపు మధ్యాహ్నానికల్లా గేటు బయటికి నెడతాడు. నా పక్క మిషను అక్క నాతో మాట్లాడదు, ఆవిడ పనీ పోతుందేమో మరి. ఆవిడ ఇంట్లో నలుగురు తినేవాళ్ళు. అది తలుచుకుంటే గొంతులో ముద్ద దిగట్లేదు నాకు. మీ ఆకుల బస్తాలకి మూతులు కుట్టేవాళ్ళు కావాలంటే ముందు ఆవిణ్ణి పిలవండి. నేను తర్వాత.

గొప్పదాన్ననుకుంటున్నారా ఇప్పుడు? కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఆగండి, అంత తొందరపడకండి.

ఆ పెద్దాయన కూడా అలాగే అడిగాడు. "అమ్మా, పని పోతుందని తెలిసీ ఎందుకొచ్చావు?" అన్నాడు. అడవి కోసం వచ్చానండీ అన్నాను. మా నాన్న తిరిగిన అడవి అన్నాను. పిట్టలన్నాను, నీళ్ళన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు నాకు గౌరవంగా. పచ్చి అబద్ధం!

అంటే, పూర్తి అబద్ధం కాదు. కడియంలో దూరిన వేలు ఇంకా గుర్తుంది. కానీ ఆ వేలు పట్టుకుని ఆఫీసు దాకా నడిపించింది అడవి కాదండీ. మీరు. ఆ మొద్దుల్ని నా మొగుడు నాకంటే ముందు మీకు చూపించాడన్న కుళ్ళు. ఆయన కన్నీళ్ళు మీరు చూశారు, నేను చెట్టుచాటు నుంచి దొంగలా చూశాను. మీరిద్దరూ ఇన్నాళ్ళూ మొద్దులు కొల్చుకుంటూ కూర్చున్నారు. నేను ఒక్క పూటలో తేల్చేశాను. అది ఆయనకి తెలియాలి. దానికివన్నీ పట్టవన్నాడే, ఆ నోటితోనే ఏమంటాడో నేను చూడాలి. అందుకు వెళ్ళాను. మీ ఆకులు కుళ్ళితే ఎరువవుతుందంటున్నారు కదా జనానికి. నా కుళ్ళు కూడా ఎందుకో ఒకందుకు పనికొచ్చింది అనుకోండి.

ఎందుకు బతికామో చెట్లు అడుగుతాయా? అడగవు. అది వాటి మంచితనం.

ఆయనకి మాత్రం మీరు చెప్పకండి. ఇంకా తెలీదు. రాత్రికి నేనే చెప్తా. ఇన్నాళ్ళూ మీ ఇద్దరికీ ఓ రహస్యం ఉంది. ఈ ఒక్క పూట నాకోటి ఉండనీండి.

రేపు ఆఫీసువాళ్ళని లోపలికి తీసుకెళ్ళేది మా ఆయన పడవే. వాళ్ళకి దారి తెలీదు కదా. వాళ్ళు వెనక కూర్చుంటారు. ముందు బల్ల మీద నేను. మీరు రావొద్దనట్లేదు, రండి. వలల ముసలాయన పడవ మాట్లాడి పెట్టాను మీకు. మా వెనకాల రండి.

కోపం రాలేదా? వస్తే బాగుండేది. తలూపుతున్నారు చూడండి, దీనికి కూడా!

ఆ మూలనున్న రబ్బరు బూట్లు మీవేనా? ఇటివ్వండి ఓసారి. పెద్దవే. మీ కాలు నాకంటే పొడుగన్నమాట. పర్లేదు, ముందు గుడ్డలు కుక్కుకుంటాను. ఎల్లుండి కడిగి పంపిస్తాను.

అది... దోమల మందా? అబ్బే, వద్దు. సీసా లోపల పెట్టెయ్యండి.

కుట్టనీండి. ముక్కు మీదా, చెవుల మీదా, ఎక్కడ పడితే అక్కడ కుట్టనీండి. ఎదురుగా తెడ్డు పట్టుకుని కూర్చుంటాడు కదా ఆయన, చూడాలి. వాపులెక్కి మొహం ఇంతైనా సరే, ఆ బల్ల మీంచి నేను లేవలేదని చూడాలి.